ఏడు తరాల టెక్స్ట్‌బాక్సు

2022 ఉగాది. పచ్చడి తినేసి వసారాలో మంచమ్మీద కూలబడ్డా. మా నాయన చొక్కా జేబులోంచి మడిచిన కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. వడ్లు తోలినప్పుడు వ్యాపారి ఇచ్చిన రసీదు అది. బరువు సరిగ్గానే ఉంది. తేమ శాతం ఉంది. పుట్ల లెక్క కూడా తేడా లేదు (మా నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు లెండి). ఊరు అన్నచోట మాత్రం ఇలా ఉంది: "వకటచల".

"ఇదేం ఊరబ్బయా?" అన్నాడు నాయన.

మాది వెంకటాచలం. చెన్నై నుంచి విజయవాడ వెళ్ళే రైలు నెల్లూరు చేరడానికి కాస్త ముందు వస్తుంది. కృష్ణపట్నం రేవుకు లైను చీలేది ఇక్కడే. "వకటచల" అనే ఊరు మాత్రం ఈ భూమ్మీద ఎక్కడా లేదు. దాన్ని పుట్టించింది నేనే. ఆ వ్యాపారి వాడే సాఫ్ట్‌వేరు మా కంపెనీది. అందులో పేర్లు, ఊర్లు టైపు చేసే పెట్టెలు నా చేతి చలవ.

అంతటితో అయిపోతే బాగుండేది. మధ్యాహ్నానికి మా వీధిలో వరసకు పెదనాయన అయ్యే ఒకాయన తన రసీదు పట్టుకొచ్చాడు. ఆయన పేరు "శివ"తో మొదలవుతుంది. రసీదులో 'శి' మీది గుడి ఎగిరిపోయింది. మిగిలిందేంటో మీరే చదువుకోండి.

"పండగ పూట నన్ను శవాన్ని చేసినావు గదరా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడుగానీ, కాగితాన్ని మళ్ళీ ఒకసారి చూసుకుని మడిచి జేబులో పెట్టుకున్నప్పుడు మొహంలో నవ్వు లేదు. శివుడికి గుడి లేకుండా చేసిన పాపం ఊరికే పోతుందా!

ఈ గుడి ఎలా ఎగిరిందో చెప్పాలంటే రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

నేను 2018లో ఇంజనీరింగ్ అయిపోగానే చెన్నైలో ఓ చిన్న కంపెనీలో చేరా. ఆసుపత్రులు, బళ్ళు, మిల్లులు, కొట్లు.. ఎవరికి ఏది కావాలంటే అది రాసిచ్చే బాపతు. అన్నీ విండోస్ మీద సీ షార్ప్‌లో నడిచే ప్రోగ్రాములే. ప్రతి ప్రోగ్రాములోనూ అవే పెట్టెలు: పేరు, ఫోను నంబరు, తారీకు, మొత్తం. ప్రతి ఒక్కడూ వాటిని మళ్ళీ మొదట్నుంచీ రాస్తాడు, లేదా పక్కవాడి దగ్గర్నుంచి కాపీ కొడతాడు. ఒకచోట బగ్గు దొరికితే అది పదిచోట్ల ఉంటుంది, తొమ్మిదిచోట్ల మర్చిపోతాం.

2020లో కరోనా పుణ్యమా అని ఇంటికొచ్చి మిద్దె మీద గదిలో కూర్చుని పనిచేస్తున్నప్పుడు నాకు జ్ఞానోదయం అయింది. కంపెనీ మొత్తానికి ఒకే లైబ్రరీ రాద్దాం! అందరూ అందులోంచే పెట్టెలు తీసుకుంటారు. దీనికి కాలేజీలో నేర్పిన బ్రహ్మాస్త్రం ఉండనే ఉంది కదా.. ఇన్‌హెరిటెన్స్.

కోడు రాయని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ప్రోగ్రాములో ఒక వస్తువు ఎలా ఉండాలో, ఏం చేయాలో రాసిపెట్టే నమూనాని క్లాస్ అంటాం. ఒక క్లాసుకి వారసుడిగా ఇంకో క్లాసుని పుట్టిస్తే తండ్రికి ఉన్నవన్నీ బిడ్డకి వాటంతట అవే వస్తాయి. కొత్తగా కావలసినవి మాత్రం చేర్చుకుంటే చాలు. మా పాఠ్యపుస్తకంలో 'జంతువు' నుంచి 'కుక్క' పుట్టేది, కుక్క మొరిగేది. పరీక్షలో పది మార్కులు వచ్చేవి. ఆ కుక్క ఆ తర్వాత ఏ ఉద్యోగంలోనూ నాకు మళ్ళీ కనిపించలేదు :-)

పాత క్యాలెండరు వెనక్కి తిప్పి చెట్టు గీశా. మైక్రోసాఫ్ట్ వాడి 'కంట్రోల్' అనే క్లాసు తాత. దాని బిడ్డ 'టెక్స్ట్‌బాక్స్‌బేస్'. దాని బిడ్డ 'టెక్స్ట్‌బాక్స్'. అక్కణ్ణుంచి నా సంతానం: మా కంపెనీ రంగులు, ఫాంటు, తప్పు కొడితే ఎర్ర అంచు చూపించే 'కంపెనీబాక్స్'. దానికి ఇద్దరు పిల్లలు. అక్షరాలు మాత్రమే ఒప్పుకునే 'లెటర్స్‌బాక్స్', అంకెలు మాత్రమే ఒప్పుకునే 'నంబర్‌బాక్స్'. లెటర్స్‌బాక్స్‌కి 'నేమ్‌బాక్స్', దానికి 'ప్లేస్‌బాక్స్'. తాత నుంచి లెక్కేస్తే సరిగ్గా ఏడు తరాలు.

నాయన పైకొచ్చి ఆ క్యాలెండరు చూసి, "ఎవురిదిరా ఈ వంశవృక్షం?" అన్నాడు. "నాదే" అన్నా గర్వంగా.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మొదటి ఆరు నెలలూ అద్భుతంగా నడిచింది. ఎర్ర అంచు కాస్త లావుగా ఉండాలని మేనేజరు అంటే ఒక్క లైను మార్చా, అన్ని ప్రోగ్రాముల్లో అన్ని పెట్టెలూ మారిపోయాయి. అందరూ మెచ్చుకున్నారు.

మొదటి బీట ఫోను నంబరుతో పడింది. ఫోను నంబరులో అంకెలే ఉంటాయి కదా అని 'ఫోన్‌బాక్స్'ని నంబర్‌బాక్స్‌కి బిడ్డగా పుట్టించా. నెల్లూరు కోడ్ 0861 అని కొడితే 861 అని దాచుకుంది. ఎందుకు దాచుకోదు? సంఖ్యకి ముందు సున్నా ఉంటే విలువ లేదు. తండ్రి నేర్పిన బుద్ధి అది. ఫోను నంబరుని ఎవరైనా కూడతారా, తీసేస్తారా? అంకెలతో రాస్తాం కాబట్టి సంఖ్య అనుకున్నా. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటారే, అదన్నమాట. తండ్రి ఉన్న ప్రతిచోటా బిడ్డని కూర్చోబెడితే పని ఆగకుండా సాగాలి, అలా సాగనప్పుడు వారసత్వం ఇవ్వకూడదని బార్బరా లిస్కోవ్ అనే ఆవిడ 1987లోనే చెప్పింది. నేను కాలేజీలో ఆవిడ పేరు కూడా చదివా. బట్టీపట్టా. అంతే.

అప్పుడు బుద్ధి తెచ్చుకోవాల్సింది. ఆ పని చేయకుండా నంబర్‌బాక్స్‌లో "ముందు సున్నాలు ఉంచాలా వద్దా" అని ఒక స్విచ్చు పెట్టా. తర్వాత "మైనస్ ఒప్పుకోవాలా", "కామాలు వేయాలా", "ఖాళీ అంటే సున్నానా".. బిడ్డల ముచ్చట్లన్నీ తండ్రి నెత్తికెక్కాయి.

అసలు దెబ్బ లెటర్స్‌బాక్స్‌లో పొంచి ఉంది. అందులో నేను రాసింది ఒకే ఒక్క చిన్న పని. సేవ్ చేసేటప్పుడు, రాసినదాంట్లో అక్షరం కానిది ఏదున్నా తీసేయ్. అది అక్షరమా కాదా అని డాట్‌నెట్‌నే అడిగా. దానికోసం వాడి దగ్గర 'ఈజ్‌లెటర్' అని తయారుగా ఉంది. ఇంగ్లీషుతో పరీక్షించాం. చుక్కలు, కామాలు, పొరపాటున నొక్కిన అంకెలు అన్నీ పోయాయి. భేష్.

వడ్ల వ్యాపారికి ఇన్‌స్టాల్ చేసే వారం ఆయన ఒక మాట అన్నాడు. "రైతులకిచ్చే రసీదు తెలుగులో ఉంటే బాగుంటది" అని. యూనికోడే కదా, ఏముంది, ఫాంటు మారిస్తే సరిపోతుంది అన్నా.

యూనికోడులో 'వెంకటాచలం' తొమ్మిది సంకేతాలు: వ, ఎత్వం, సున్న, క, ట, దీర్ఘం, చ, ల, సున్న. ఇందులో వ, క, ట, చ, ల మాత్రమే యూనికోడు పట్టికలో 'లెటర్' అనే జాతికి చెందుతాయి. గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు.. ఇవన్నీ 'మార్క్' అనే వేరే జాతి. 'ఈజ్‌లెటర్' వాటిని అక్షరాలు కావంటుంది. దాని నిర్వచనం ప్రకారం అది నిజమే చెప్పింది. అడిగినవాడికే తను ఏం అడుగుతున్నాడో తెలియదు. నాలుగో తరంలో ఉన్న తెలివితక్కువతనం కాదు, ఐదో తరంలో నేను స్వయంగా పెట్టింది. అది ఆరో తరానికి, ఏడో తరానికి నోరెత్తకుండా దిగిపోయింది. ప్లేస్‌బాక్స్ కోడు తెరిచి చూస్తే అందులో వడపోత మాటే ఉండదు. నేమ్‌బాక్స్‌లోనూ ఉండదు. రాసినవాణ్ణి నేనే అయినా, అక్కడ ఉందని నాకే గుర్తులేదు.

చెన్నైలో కూర్చుని బగ్గు సరిచేయడం వేరు, పండగ మర్నాడు ఆ వ్యాపారి కొట్టుకెళ్ళి స్టూలు మీద కూర్చోవడం వేరు. స్క్రీను మీద మా మండలమంతా వరసగా పేర్చి ఉంది. కాకుటూరు "కకటర" అయింది. కసుమూరు "కసమర". గొలగమూడి "గలగమడ". రాధాకృష్ణన్ గారికి ఇంటిపేరు ఇచ్చిన సర్వేపల్లి మా మండలంలోదే, అది "సరవపలల" అయింది. ఊళ్ళు ఫర్వాలేదు, ఊహించి రాసేయొచ్చు. మనుషుల పేర్లెట్టా? "రజ" అని ఉంది. రాజునా? రోజానా? గుణింతాలు తీసేస్తే ఇద్దరూ ఒకటే. పోయిన గుడులు, కొమ్ములు డేటాబేసులో ఎక్కడా లేవు. తిరిగి తెచ్చే మంత్రమూ లేదు.

గుమాస్తా పాత చిట్టా పుస్తకం తీశాడు. ఆయన పేరు చదువుతుంటే నేను టైపు చేశా. రెండు రోజులు పట్టింది. మధ్యలో ఆయన అన్నాడు: "ఏదో ఫాంటు ఇబ్బంది అనుకున్నా సార్, కంప్యూటరు తెలుగు ఇట్నే ఉంటది గదా అని." ఆ మాట ఇప్పటికీ ముల్లులా ఉంది. మన భాష కంప్యూటర్లో వంకరగా రావడం ఆయనకు తప్పులా కూడా అనిపించలేదు. అలవాటైపోయింది.

ఆ రెండు రోజుల మధ్య రాత్రి లెటర్స్‌బాక్స్‌ని సరిచేశా. 'మార్క్' జాతిని కూడా ఉండనివ్వు అని ఒక్క లైను. పంపించేశా. తెల్లారేసరికి ఇంకో ఊరి నుంచి, ఇంకో క్లయింటు నుంచి ఫోను. వాళ్ళ దగ్గర వెతుకుడు పెట్టెలో ఏ తెలుగు పేరు కొట్టినా దొరకడం లేదట! నిన్నటిదాకా దొరికేవట.

కారణం కనుక్కున్నాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెతుకుడు పెట్టె కూడా లెటర్స్‌బాక్స్ బిడ్డే. దాచేటప్పుడు "రజ" అని దాచేది, వెతికేటప్పుడు కూడా "రాజు"ని "రజ"గా మార్చే వెతికేది. తప్పు రెండు వైపులా సమానంగా ఉంది కాబట్టి ఒప్పులా నడిచింది. నేను ఒకవైపు సరిచేసేసరికి త్రాసు ఒరిగింది. నేను వెతుకుడు పెట్టె జోలికే పోలేదు. వడ్ల కొట్టు కోసం ఒక్క లైను మారిస్తే, నేనెప్పుడూ చూడని కొట్లో పని ఆగిపోయింది. దీనికి పుస్తకాల్లో 'ఫ్రజైల్ బేస్ క్లాస్' అని పేరుంది. పెళుసు తండ్రి అనుకోండి.

ఆ సాయంత్రం తల పట్టుకుని కూర్చుంటే, నాయన "ఏమైందిరా" అని అడిగాడు. ఆయనకి క్లాసులు, కంట్రోళ్ళు ఏం చెప్తాం? "అందరికీ కలిపి ఒకటే పెట్టినా నాయనా. ఒకరికోసం మారిస్తే ఇంకొకరికి పగిలింది" అన్నా.

"మన బోరు మాదిరా" అన్నాడు.

మా తాత పోయాక నాయనా, ఇద్దరు చిన్నాయనలూ పొలం పంచుకున్నారు, బోరు మాత్రం ఉమ్మడిగా ఉంచుకున్నారు. మోటారు ఒకటే, దాన్నుంచి పోయే పైపూ ఒకటే, మూడు మళ్ళనీ దాటుకుంటూ పోయేది. ఒక ఏడు పెద్ద చిన్నాయన చివరి మడికి నీళ్ళు చాలడం లేదని అయిదు హార్స్‌పవర్ మోటారు తీసి ఏడున్నరది పెట్టాడు. ఆయన మడికి నీళ్ళు బ్రహ్మాండంగా పారాయి. మా మడిలో పైపు అతుకులు ఊడి నారు కొట్టుకుపోయింది. ఆయన చేసింది తప్పు కాదు. మావాళ్ళు పాత పైపు ఉంచుకోవడమూ తప్పు కాదు. అన్నదమ్ములు ఆరు నెలలు మాట్లాడుకోలేదు. చివరికి బోరు పక్కన తొట్టి కట్టారు. మోటారు తొట్టిలోకి పోస్తుంది. తొట్టినుంచి ఎవరి పైపు వాళ్ళది, ఎవరి వాల్వు వాళ్ళది. ఇప్పుడు మోటారు ఎంతదైనా ఎవరి మడీ మునగదు.

"నీళ్ళు ఉమ్మడిగా ఉన్నా ఫర్లేదబ్బయా, పైపు ఉమ్మడిగా ఉండకూడదు" అన్నాడు.

నేను తిరిగి చెన్నై వెళ్ళి చేసింది అదే. ఏడు తరాల చెట్టుని కొట్టేసి ఒకే ఒక్క పెట్టె ఉంచా. మైక్రోసాఫ్ట్ టెక్స్ట్‌బాక్స్‌కి అది ఒక్కటే బిడ్డ. రంగులూ అంచులూ దాని పని. దానికింక పిల్లలు పుట్టకుండా 'సీల్డ్' అని రాసేశా. మిగతావన్నీ విడి ముక్కలు. వడపోత ఒక ముక్క, పొడవు లెక్కించేది ఒక ముక్క, తప్పొప్పులు చూసేది ఒక ముక్క. పెట్టెని స్క్రీను మీద పెట్టేటప్పుడు దానికి ఏ ముక్కలు కావాలో చేతికిస్తాం. పేరు పెట్టెకి తెలుగు తెలిసిన వడపోత. పాస్‌పోర్టు పేరు పెట్టెకి ఇంగ్లీషు వడపోత. ఫోను పెట్టెకి అంకెలు చూసే వడపోత, అంతేగానీ సంఖ్య అనే బుద్ధి లేదు. ఎవరి వాల్వు వాళ్ళది. వడపోత పేరు ఇప్పుడు ఆ స్క్రీను కోడులోనే కళ్ళెదురుగా కనిపిస్తుంది, ఐదు తరాలు తవ్వక్కర్లేదు.

ఇదేదో నేను కనిపెట్టానని కాదు. గామా, హెల్మ్, జాన్సన్, వ్లిస్సిడెస్ నలుగురూ కలిసి 1994లో రాసిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకంలో వారసత్వం కన్నా కూర్పు మేలని స్పష్టంగా ఉంది. అందులో డెకరేటర్ అనే అధ్యాయంలో ఉదాహరణ ఏంటో తెలుసా? టెక్స్ట్ చూపించే పెట్టెకి అంచు, స్క్రోల్‌బారు తగిలించడం! నా సమస్యకి మూడడుగుల దూరంలోనే సమాధానం, అదీ నేను పుట్టక ముందే. జాషువా బ్లాక్ 2001లో జావా మీద రాసిన పుస్తకంలో ఇంకో అడుగు ముందుకేసి, వారసత్వం కోసం ఆలోచించి రాయని క్లాసుని వారసత్వానికి ఇవ్వొద్దనే అంటాడు.

మరి మైక్రోసాఫ్ట్, గూగుల్ వాళ్ళ కంట్రోళ్ళన్నీ వారసత్వం మీదే కదా నిలబడ్డాయి అంటారా? నిజమే. ఫోకస్, మౌసు, కీబోర్డు, గీయడం.. ఇవి నిజంగా ప్రతి పెట్టెకీ కావాలి. వాటిని ఒక్కచోట పెట్టి, ఎక్కడ మార్చుకోవచ్చో ఎక్కడ ముట్టుకోకూడదో రాసి, ఏళ్ళ తరబడి కాపలా కాసేవాళ్ళు వాళ్ళకున్నారు. అయినా అక్కడా అతుకులు కనిపిస్తాయి. విండోస్ ఫారమ్స్‌లో బొమ్మ చూపించే 'పిక్చర్‌బాక్స్'కి కూడా 'టెక్స్ట్' అనే గుణం ఉంది, తాత నుంచి వచ్చింది. బొమ్మకి దాంతో పనిలేదు కాబట్టి ఎవరి కంటా పడకుండా దాచిపెట్టారు. ఆండ్రాయిడ్‌లో 'బటన్' టెక్స్ట్‌వ్యూ బిడ్డ, 'ఇమేజ్‌బటన్' ఇమేజ్‌వ్యూ బిడ్డ. రెండూ నొక్కే బటన్లే, కానీ ఇమేజ్‌బటన్ వంశంలో బటన్ లేనే లేదు! ఒక బిడ్డకి ఒకే తండ్రి అన్న నియమంలో ఎటో ఒకవైపు తెగాల్సిందే. 2013లో బయటికొచ్చిన రియాక్ట్ అయినా, 2021లో స్థిరపడిన జెట్‌ప్యాక్ కంపోజ్ అయినా కూర్పు దారి పట్టింది ఊరికే కాదు.

నేను ఇప్పుడు పాటించేది చాలా చిన్నది. కోడు మిగులుతుందని వారసత్వం ఇవ్వను. తండ్రి ఉన్న ప్రతిచోటా బిడ్డ తండ్రిలాగే నడుచుకుంటుందని నమ్మకం కుదిరితేనే ఇస్తా. బిడ్డ ముచ్చట కోసం తండ్రిలో స్విచ్చు పెట్టాల్సి వచ్చిందంటే అక్కడితో ఆపేస్తా.

విడి ముక్కల లాభం ఈమధ్యే ఇంకోసారి తెలిసింది. 'సర్వేపల్లి' అంటే మనకి నాలుగక్షరాలు: స, ర్వే, ప, ల్లి. యూనికోడు పాత నియమంతో లెక్కిస్తే సంయుక్తాక్షరాలు విడిపోయి ఆరు వస్తాయి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒకటిగా లెక్కించే నియమం చేరింది. మేము పొడవు లెక్కించే ముక్క ఒక్కటీ మార్చాం. ఈసారి ఏ ఊరి నుంచీ ఫోను రాలేదు.

ఆ తర్వాతి ఏడు కోతలప్పుడు ఊరెళ్తే పెదనాయన తనే పిలిచి కొత్త రసీదు చూపించాడు. "బతికించినావులేరా" అన్నాడు. ఆయన పేరు పూర్తిగా, గుడితో సహా ఉంది. కానీ ఊరి పక్కన మండలం రాసే చోట "వెంకటాచలం మండ" దగ్గర తెగిపోయి ఉంది. రసీదు ప్రింటు చేసే కోడులో ఎవడో ఇంకా సంకేతాలు లెక్కపెట్టి కత్తిరిస్తున్నాడు.

ఎవడో ఏంటి, నేనే. సోమవారం పొద్దున వెళ్ళగానే మొదటి పని అదే చేశా.